టవరు మీద 64 యాంటెన్నాల 5జీ పెట్టె ఉన్నా కొబ్బరితోట పక్కన వేగం ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: గట్టుదారి

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. తరంగాల వ్యతికరణం గురించి పాఠం చెప్పగలను గాని, మొబైల్ నెట్‌వర్కు లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు.

మా ఊరు కోనసీమలో కాలువ గట్టు వెంబడి కిలోమీటరున్నర పొడవున ఒకే వరుసగా సాగి ఉంటుంది. కాలువ, దాని పక్కన రోడ్డు, రోడ్డును ఆనుకొని ఇళ్లు, ఇళ్ల వెనుక దొడ్లు, ఆ దొడ్లతో కలిసిపోయిన కొబ్బరితోటలు, తోటలు దాటితే వరిచేలు. ఊరి తూర్పు కొసన, గట్టుకు దగ్గరలోనే ముప్పై మీటర్ల ఎత్తున టవరు ఉంది. పోయినేడాది దానిమీద పాత పొడుగాటి యాంటెన్నాల పక్కనే అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న పెట్టెలు మూడు బిగించారు. ఒక్కొక్క పెట్టెలో 64 యాంటెన్నాలు ఉంటాయనీ, అవి ఏ ఫోను ఎక్కడుంటే అటువైపు బీమ్ (రేడియో తరంగాల పుంజం) తిప్పుతాయనీ, ఇకపై సిగ్నల్ బాధ ఉండదనీ బిగించడానికి వచ్చినవాళ్లు చెప్పారు.

మా ఇల్లు టవరుకు సుమారు 700 మీటర్ల దూరంలో ఉంది. ఇంటి ముందు కాలువ రేవు దగ్గర నిలబడితే మధ్యాహ్నం పూట సెకనుకు 300 మెగాబిట్ల దాకా వస్తోంది. ఇల్లు దాటి వెనుక దొడ్లోకి వెళ్తే, అంటే నలభై మీటర్లు పక్కకు జరిగితే, అది పదిహేనుకు పడిపోతోంది. ఇంతకంటే చాలా దూరంలో, టవరుకు ఆవలివైపు 1.2 కిలోమీటర్ల దూరాన ఉన్న మా చేను గట్టు మీద మళ్లీ 200 పైన వస్తోంది. రాత్రి ఏడు దాటాక రేవు దగ్గర కూడా వేగం సగానికి సగం తగ్గుతోంది. వీటన్నిటిలోనూ ఫోను మీద 5జీ గుర్తు మాత్రం చెక్కుచెదరదు.

బీమ్ నిజంగా నా ఫోను వైపే తిరుగుతుంటే రేవుకూ దొడ్డికీ ఇంత తేడా ఎందుకు? బీమ్ గురి తప్పుతోందా? దొడ్లో ఉన్న రెండు కొబ్బరిచెట్లు కొట్టించేస్తే సరిపోతుందని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. కాపు మీదున్న చెట్లు, అందుకే తొందరపడకుండా ముందు ఇక్కడ అడుగుతున్నాను.


సమాధానం: రేడియో రాజోలు

మాస్టారూ, నమస్కారం. ఇలాంటి పెట్టెలను ఏర్పాటు చేసి సరిచేసే పనిలోనే నేను ఉన్నాను. చెట్లు కొట్టించకండి. కారణం చెప్పాలంటే ముందు పెట్టె లోపల ఏముందో చెప్పాలి.

మన దేశంలో 5జీ ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 8.6 సెంటీమీటర్లు. యాంటెన్నా మూలకాలను అడ్డంగా అందులో సగం దూరంలో, అంటే 4.3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పేరుస్తారు. ఎనిమిది నిలువు వరుసలు, ఒక్కొక్క వరుసలో పన్నెండు మూలకాలు, ప్రతి చోటా ఒకదానికొకటి లంబంగా ఏటవాలుగా ఉండే రెండు ధ్రువణాలు, మొత్తం 192. ఎక్కువగా కనబడే అమరిక ఇదే. మీకు చెప్పిన 64 అన్నది మూలకాల సంఖ్య కాదు, వాటిని నడిపే రేడియో గొలుసుల, అంటే సంకేతాన్ని విడివిడిగా తయారుచేసి పంపే సర్క్యూట్ల సంఖ్య. నిలువుగా ఉన్న మూడేసి మూలకాలను ఒక్కొక్క గొలుసు కలిపి నడుపుతుంది. అన్నీ కలిసినా పెట్టె వెడల్పు మీరు చూసినంతే ఉండడానికి కారణం తరంగం అంత పొట్టిది కావడమే. ఇదే అమరికను 700 మెగాహెర్ట్జ్‌లో చేయబోతే పెట్టె కొలతలు అటూ ఇటూ ఐదింతలు అవుతాయి, దాన్ని టవరు మీదకు ఎక్కించే దారి ఉండదు.

బీమ్ తిప్పడం అంటే పెట్టె కదలడం కాదు. పక్కపక్క వరుసలకు ఇచ్చే సంకేతాల దశలో తేడా పెడతారు. వరుసల మధ్య సగం తరంగదైర్ఘ్యం ఉన్నప్పుడు, ఎదురుగా కాక పక్కకు θ కోణంలో పంపాలంటే ఒక్కొక్క వరుసకు 180 డిగ్రీలను సైన్ θతో గుణించినంత దశ తేడా ఉండాలి. ముప్పై డిగ్రీల పక్కకు అయితే అది సరిగ్గా 90 డిగ్రీలు, కాలంలో చెప్పాలంటే నానోసెకనులో పద్నాలుగో వంతు. ఆ దిశలో అన్ని వరుసల తరంగాలూ ఒకే దశలో కలుస్తాయి, మిగతా దిశల్లో ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. ఈ లెక్క మీరు తరగతిలో చెప్పేదే, బల్ల మీది చీలికలకు బదులు టవరు మీది యాంటెన్నాలు.

ఇందులో కొత్తగా పుట్టే శక్తి ఏమీ లేదని గమనించండి. బొబ్బర్లంక నుంచి వచ్చిన నీరు లొల్ల లాకుల దగ్గర పెరగదు, ఏ కాలువకు ఎంత వదలాలన్నదే అక్కడ తేలుతుంది. బీమ్ చేసేదీ అంతే. యాంటెన్నాలు రెట్టింపైతే గురిపెట్టిన దిశలో బలం రెండింతలవుతుంది, డెసిబెల్ లెక్కలో అది 3 పెరగడం, నాలుగింతలైతే 6. పైన చెప్పిన పెట్టెకు మూలకపు సొంత గెయిన్ (ఒక దిశకు బలాన్ని పోగుచేసే పాళ్లు) కూడా కలుపుకుంటే 25 డెసిబెల్ దరిదాపుల్లో వస్తుంది. దారిలో అంతకు మించి పోగొట్టే అడ్డు ఉంటే బీమ్ ఎంత సూటిగా ఉన్నా ఫోనుకు మిగిలేది తక్కువే.

ఇప్పుడు మీ గురి ప్రశ్న. ఎనిమిది వరుసల బీమ్ వెడల్పు అడ్డంగా సుమారు 13 డిగ్రీలు ఉంటుంది. 700 మీటర్ల దూరంలో అది దాదాపు 160 మీటర్లు. మీ రేవూ దొడ్డీ నలభై మీటర్ల ఎడంలో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే బీమ్‌లో పడతాయి. అంటే గురి తప్పడం కారణం కాదు, దారిలో ఉన్నదే కారణం. టవరు నుంచి రేవుకు వచ్చే తరంగం కాలువ, రోడ్డు పైన ఉన్న ఖాళీ గుండా వస్తోంది. దొడ్డికి వచ్చేది తోట మీదుగా వస్తోంది. మీ చేను గట్టు దూరమైనా అడ్డం లేదు, అందుకే అక్కడ వేగం ఉంది.

అయితే అడ్డు వల్ల బీమ్ గురి కూడా కొంత చెడుతుంది, ఆ విషయం ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. టవరు మొదట అందరికీ వినబడేలా స్థిరమైన బీమ్‌లు కొన్నింటిని వంతులవారీగా పంపుతుంది. ఈ బ్యాండులో అవి ఎనిమిది దాకా ఉండవచ్చు, మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ వరుస తిరిగి వస్తుంది. ఏది బలంగా వినబడిందో ఫోను చెబుతుంది. దీనితో ఉజ్జాయింపు దిశ మాత్రమే తెలుస్తుంది. ఆ పైన సన్నని గురి కోసం ఫోనే ఒక పరీక్ష సంకేతం పంపాలి. పంపడానికీ అందుకోవడానికీ ఒకే పౌనఃపున్యాన్ని వంతులవారీగా వాడుతున్నారు కాబట్టి, ఫోను నుంచి ఒక్కొక్క యాంటెన్నాకు వచ్చిన సంకేతంలోని దశలను చూసి, వాటిని తిప్పివేసి, అదే దారిన టవరు తిరిగి పంపుతుంది. ఊళ్లోని ఫోను ఎక్కడుందో టవరుకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఏ దశలు పెడితే అక్కడ కలుస్తాయో తెలిస్తే చాలు.

చిక్కు ఇక్కడే ఉంది. టవరు పెట్టె 200 వాట్లు, కొన్ని రకాలు అంతకు మించి పంపుతాయి. ఫోను పంపేది 0.2 వాటు, కొన్ని ఫోన్లలో 0.4. తోట గుండా వెళ్లిన ఆ పరీక్ష సంకేతం ఒక్కొక్క యాంటెన్నా దగ్గరకు చేరేసరికి రొదలో మునిగిపోతుంది. దశలు సరిగా తెలియకపోతే బీమ్ సరిగా కుదరదు. అప్పుడు టవరు ఆ పద్ధతి మానేసి, తాను పంపిన నమూనాలను కొలిచి ముందే రాసి ఉంచిన పట్టికలో ఒక అంకెను ఎంచుకోమని ఫోనునే అడుగుతుంది. ఆ అంకె మీద ఆధారపడిన బీమ్ మొరటుగా ఉంటుంది. కాబట్టి బీమ్ సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది నాసిరకంగా అందుతుంది.

బస్సులో వెళ్తున్నవారి విషయమూ ఇలాంటిదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ పౌనఃపున్యం దగ్గర తరంగాల దారి సుమారు రెండు మిల్లీసెకన్లకే మారిపోతుంది, పరీక్ష సంకేతం పదో ఇరవయ్యో మిల్లీసెకన్లకు ఒకసారి వస్తే అప్పటికి పాత దశలు పనికిరావు. నడిచే మనిషికి మాత్రం ఇరవై పైచిలుకు మిల్లీసెకన్లు వ్యవధి ఉంటుంది.

5జీ గుర్తు సంగతి అడిగారు. అది 5జీ అందుబాటులో ఉందని చెబుతుందే గాని ఎంత ఉందో చెప్పదు. దాన్ని పట్టించుకోకండి.


సమాధానం: వశిష్ఠ పాయ

రాజోలు గారు చెప్పినది సరిగానే ఉంది. నేను ఇంజనీరింగ్ కళాశాలలో యాంటెన్నాల పాఠం చెబుతాను. ఆయన వదిలేసిన రెండు లెక్కలు చేర్చుతాను, ఎందుకంటే డెల్టా భూమి స్వభావం వల్ల ఈ రెండూ మనకు మరీ ముఖ్యం.

మొదటిది కొబ్బరి లెక్క. మామిడితోటలో ఆకులు కింద నుంచి మొదలవుతాయి. కొబ్బరితోటలో మధ్యలో వట్టి కాండాలే, పైన తలలన్నీ కలిసి ఒక కప్పులా ఉంటాయి. ఆ కప్పు నేల నుంచి 12 మీటర్ల దగ్గర మొదలై 18 మీటర్ల దగ్గర ముగుస్తుందనుకుందాం. యాంటెన్నా 30 మీటర్ల మీద, ఫోను ఒకటిన్నర మీటరు మీద, మధ్య దూరం 700 మీటర్లు. తరంగం వంద మీటర్లకు నాలుగు మీటర్ల చొప్పున మాత్రమే కిందికి దిగుతోంది. అంత ఏటవాలుగా దిగే తరంగం ఆరు మీటర్ల మందం ఉన్న కప్పును దాటడానికి దాదాపు 147 మీటర్లు ఆకుల్లోనే ప్రయాణించాలి. టవరుకు వంద మీటర్లలో ఉన్న ఇంటికైతే అదే కప్పులో ఇరవై మీటర్ల పైచిలుకు దారితో సరిపోతుంది.

అంతకంటే ఆసక్తికరమైన విషయం, ఆ 147 మీటర్లు ఎక్కడున్నాయన్నది. లెక్క వేసి చూడండి. మీ దొడ్డి నుంచి టవరు వైపు సుమారు 260 మీటర్ల దగ్గర మొదలై 400 మీటర్ల దగ్గర ముగుస్తాయి. అంటే మీ సిగ్నల్‌ను తింటున్నవి మీ చెట్లు కావు, తూర్పున ఎవరివో తోటలు. మీ తమ్ముడుగారికి ఈ ఒక్క లెక్క చూపిస్తే రెండు చెట్లూ బతుకుతాయి.

ఆకుల్లో ఎంత పోతుందో అంచనా వేయడానికి వైస్‌బర్గర్ సూత్రం అనే అనుభవపూర్వక సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర 147 మీటర్ల ఆకుల దారికి సుమారు 36 డెసిబెల్ నష్టం, 700 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 23. కోనసీమ తోటలో చెట్టుకూ చెట్టుకూ ఏడెనిమిది మీటర్ల ఎడం ఉంటుంది, కప్పులో సందులుంటాయి, తలల పైనుంచి కొంత వంగి కిందికి వస్తుంది కాబట్టి అసలు నష్టం ఇంతకంటే తక్కువే ఉండాలి. మరోవైపు ఆ సూత్రం పొడి ఆకులున్న దట్టమైన చెట్ల కోసం ఏర్పడినది, వర్షంలో తడిసిన మట్టలు ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. అంకెను అంకెగా నమ్మనక్కరలేదు గాని పోలికకు అది పనికొస్తుంది. అదే సూత్రంలో యాంటెన్నా ఎత్తును 30 నుంచి 40 మీటర్లకు పెంచి చూడండి. ఆకుల దారి 147 నుంచి 109 మీటర్లకు తగ్గుతుంది, నష్టం దాదాపు 6 డెసిబెల్ తగ్గుతుంది. రాజోలు గారి లెక్కలో ఆరు డెసిబెల్ కావాలంటే యాంటెన్నాలను నాలుగింతలు చేయాలి. తోటల మధ్య పది మీటర్ల ఇనుము చేసే పని 64ను 256 చేసినంత పని. ఈ మాట కొనుగోలు విభాగాల్లో ఎవరికీ రుచించదు.

రెండవది మీ రాత్రి వేగం లెక్క. నా దృష్టిలో అసలు విషయం ఇదే. 2010లో థామస్ మార్జెట్టా అనే బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త టవరు దగ్గర యాంటెన్నాలను హద్దు లేకుండా పెంచుకుంటూ పోతే ఏమవుతుందో లెక్కగట్టి చూపించాడు. అందులోని సారం వేగం ఒక్కరికి పెరగడం కాదు, ఒకే క్షణంలో ఒకే పౌనఃపున్యం మీద చాలామందికి వేరువేరు బీమ్‌లు ఇవ్వగలగడం. యాంటెన్నాలను గుంపుగా వాడి దిశ మార్చడం అంతకు చాలా పాతది, 1905లోనే కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ మూడు యాంటెన్నాలతో చేసి చూపాడు. కొత్తదనమంతా పంచడంలో ఉంది. కానీ పంచాలంటే ఫోన్లు టవరుకు వేరువేరు దిశల్లో కనబడాలి.

మీ ఊరి రూపం చూడండి. టవరు వరుసకు ఒక కొసన ఉంది. ఇళ్లూ దొడ్లూ కలిపి వరుస వెడల్పు అరవై మీటర్లనుకుంటే, 300 మీటర్ల దగ్గర అది పదకొండు పన్నెండు డిగ్రీల కోణంలో, 700 మీటర్ల దగ్గర ఐదు డిగ్రీలలో, 1,400 మీటర్ల దగ్గర రెండున్నర డిగ్రీలలో కనబడుతుంది. బీమ్ వెడల్పేమో 13 డిగ్రీలు. ఊరంతా ఒకే బీమ్‌లో ఇరుక్కుంది. పైకీ కిందికీ వేరు చేద్దామంటే మన నేల బల్లపరుపు, మేడలు రెండంతస్తులకు మించవు. 300 మీటర్ల ఇల్లు క్షితిజానికి 5.4 డిగ్రీల కింద ఉంటే, 1,400 మీటర్ల ఇల్లు 1.2 డిగ్రీల కింద ఉంటుంది. నిలువునా బీమ్ వెడల్పు ఆరు డిగ్రీల చుట్టూ ఉండే పెట్టెకు ఆ తేడా చాలదు. హైదరాబాదులో ఇరవై అంతస్తుల భవనాల ఎదుట ఎంతో ఉపయోగపడే నిలువు గొలుసులు ఇక్కడ చాలావరకు కూర్చొని ఉంటాయి. అందుకే డెల్టా పల్లెల్లో 64 గొలుసుల పెట్టెకూ, నిలువున సగం గొలుసులు తగ్గించి అడ్డంగా అన్నీ ఉంచిన 32 గొలుసుల పెట్టెకూ వినియోగదారుడికి కనబడే తేడా చాలా తక్కువ అని నా అభిప్రాయం.

అదే టవరు ఊరి నడిమికి ఎదురుగా, 400 మీటర్లు చేలలోకి జరిగి ఉందనుకోండి. ఆ కిలోమీటరున్నర వరుస టవరుకు 124 డిగ్రీల విస్తారంలో కనబడుతుంది, ఒక సెక్టారు (ఒక పెట్టె చూసుకునే దిశల భాగం) మొత్తం నిండుతుంది, తొమ్మిది పది బీమ్‌లకు చోటు దొరుకుతుంది. పెట్టె అదే, యాంటెన్నాలు అవే, ఊరు అదే. డెల్టాలో ఊళ్లన్నీ కాలువ గట్లనూ ఏటిగట్లనూ పట్టుకొని గీతల్లా ఉంటాయి. రోడ్డు సౌకర్యం, కరెంటు, స్థలం దొరికే వీలు చూసుకొని టవర్లను కూడా ఆ గీతల మీదే వేశారు. ఒక్క బీమ్‌తో ఊరంతా పలికే పాత రోజుల్లో అది తప్పు కాదు. ఇప్పుడు ఖరీదైన పెట్టెను తెచ్చి అదే చోట బిగిస్తే దాని ప్రధాన శక్తి వాడుకలోకి రాదు.


సమాధానం: చెరువుగట్టు

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తున్నాను. మాకు కొబ్బరి అడ్డం లేదు, టవరు 600 మీటర్లలో నిలువెత్తున కనబడుతుంది. అయినా చెరువు గట్టు మీద స్తంభానికి కట్టిన 5జీ రౌటరు ఒక్కోసారి బాగా పనిచేసి, మరోసారి మూగపోతుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పరికరమూ ఏరేటర్లూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి రాత్రివేళ అది మూగపోతే పంటకే ముప్పు. బిగించినవారు రౌటరు లోపమన్నారు, రౌటరు మార్చినా అంతే. చెరువులో నీళ్లు పెట్టినప్పుడు, తీసినప్పుడు తేడా వస్తోందని నాకు అనుమానం. ఇది కూడా బీమ్ సంగతేనా?


సమాధానం: వశిష్ఠ పాయ

మీ అనుమానం నిజం. అది బీమ్ లోపం కాదు, బీమ్ సరిదిద్దలేని విషయం. మీ రౌటరుకు టవరు నుంచి నేరుగా ఒక తరంగం, చెరువు నీటి మీద పడి లేచిన మరో తరంగం వస్తాయి. 30 మీటర్ల టవరు నుంచి 600 మీటర్ల దూరాన మీటరున్నర ఎత్తులో ఉన్న రౌటరుకు నేరు తరంగం 2.7 డిగ్రీల కిందికి, ప్రతిఫలించేది 3 డిగ్రీల కిందికి బయలుదేరుతాయి. ఆ 0.3 డిగ్రీల తేడాను విడదీయగల పెట్టె టవర్ల మీద లేదు. రెండిటి దారుల్లో తేడా 15 సెంటీమీటర్లు మాత్రమే, కాబట్టి కొట్టేసుకుంటే 100 మెగాహెర్ట్జ్ బ్యాండు మొత్తం ఒకేసారి కొట్టేసుకుంటుంది.

ఏరేటర్లు రేపే అలల వల్ల ప్రతిఫలనం చెదిరిపోతుందని ఆశించకండి. ఇంత వాలుగా వచ్చే తరంగానికి ఇరవై సెంటీమీటర్ల దాకా ఎగుడుదిగుడులున్న నీరు కూడా అద్దంతో సమానమే. అయితే మీ చేతిలో ఒక సులువైన మార్గం ఉంది. ఈ దూరంలో సిగ్నల్ నీటిమట్టం నుంచి పైకి సుమారు 86 సెంటీమీటర్లకు ఒకసారి సన్నబడుతుంది, ఆ మధ్యలో బలపడుతుంది. రౌటరు నీటికి 170 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే బలహీనమైన చోట ఉన్నట్టు, 210 దగ్గరకు జరిపితే బలమైన చోట ఉన్నట్టు. చెరువులో నీరు అడుగు తగ్గినా పెరిగినా ఈ లెక్క కదులుతుంది, మీరు గమనించిన తేడా అదే. ఒకే స్తంభానికి నలభై సెంటీమీటర్ల ఎడంతో రెండు బయటి యాంటెన్నాలు కట్టి రౌటరుకు కలిపితే, నీటిమట్టం ఎలా ఉన్నా రెండింటిలో ఒకటి పనిచేస్తూ ఉంటుంది.


సమాధానం: గట్టుదారి

రాజోలు గారికీ వశిష్ఠ పాయ గారికీ కృతజ్ఞతలు. చెట్ల లెక్క తమ్ముడికి కాగితం మీద గీసి చూపించాను, ఊరుకున్నాడు. ఇప్పుడు నా సందేహం ఒక్కటే. టవరును చేలలోకి జరపమని మేము అడగలేము, ఎత్తు పెంచమన్నా వింటారన్న నమ్మకం లేదు. ఉన్నదానితోనే దొడ్డి వైపు గదిలో పిల్లల చదువుకు సరిపడా వేగం రావాలంటే ఏం చేయాలి? సంస్థకు అర్జీ పెడితే అందులో ఏం రాయాలి?


సమాధానం: రేడియో రాజోలు

ముందు రెండు జబ్బులను విడదీయండి. ఫోనులో సిగ్నల్ బలం చూపే ఉచిత యాప్ ఒకటి పెట్టుకొని, ఆర్ఎస్ఆర్పీ అనే అంకెను రేవు దగ్గరా దొడ్లోనూ, మధ్యాహ్నమూ రాత్రీ రాసుకోండి. అది మైనస్ 85 దగ్గర ఉంటే బలమైన సిగ్నల్, మైనస్ 110 దగ్గర ఉంటే బలహీనం. దొడ్లో ఏ వేళ చూసినా మైనస్ 110 వైపే ఉంటే అది తోట పని. రేవు దగ్గర రాత్రి కూడా మైనస్ 85 ఉండి వేగం మాత్రం పడిపోతుంటే అది వశిష్ఠ పాయ గారు చెప్పిన ఇరుకు, ఊరంతా ఒకే బీమ్‌ను వంతులేసుకోవడం. మీ వివరాలను బట్టి మీకు రెండూ ఉన్నాయి.

తోట జబ్బుకు మందు మీ ఇంటి ముందు గోడే. ఇంటి వైఫై కోసం ఇచ్చే బయటి యాంటెన్నాను కాలువ వైపు గోడకు, తూర్పు ముఖంగా, రోడ్డు పైన ఉన్న ఖాళీ కనబడేలా బిగించి, అక్కడ నుంచి తీగ వెనుక గదికి లాగించండి. డాబా మీద బాగుంటుందని చాలామంది పైకి ఎక్కిస్తారు. కొబ్బరి కప్పు కింద ఉన్నంతవరకు ఎనిమిది మీటర్ల ఎత్తు వల్ల ఆకుల దారి తగ్గదు. లెక్క ప్రకారం తరంగం ఇంకా వాలుగా వస్తుంది కాబట్టి పెరుగుతుంది కూడా. మీ విషయంలో ఎత్తు కంటే దిక్కు ముఖ్యం.

అర్జీలో "సిగ్నల్ లేదు" అని రాయకండి. ఆ మాటకు టవరు పనిచేస్తోందని ఒక సమాధానం వచ్చి ఫిర్యాదు మూసేస్తారు. మీరు రాసుకున్న అంకెలు, చోటు, వేళ రాసి, రెండు విషయాలు అడగండి. ఒకటి, ఆ టవరు మీద 700 మెగాహెర్ట్జ్ 5జీ ఉందా, ఉంటే 3.5తో కలిపి నడుపుతున్నారా అని. 2016లోనూ 2021లోనూ వేలంలో ఎవరూ కొనని ఆ బ్యాండు 2022లోనే మొదటిసారి అమ్ముడైంది, అన్ని సంస్థల దగ్గరా లేదు. దాని వెడల్పు తక్కువ కాబట్టి 300 మెగాబిట్లు ఇవ్వదు. కానీ పైన చెప్పిన లెక్కలో అది దారి నష్టంలో 14, ఆకుల్లో 13 డెసిబెల్ కలిసొచ్చే బ్యాండు, పెట్టె గెయిన్‌లో ఎనిమిదో తొమ్మిదో పోగొట్టుకున్నా ఇంకా మిగులుతుంది. ముఖ్యంగా ఫోను నుంచి టవరుకు వెళ్లే బలహీనమైన దారిని 700 మీదికి మారిస్తే, దొడ్లో నుంచి కూడా మాట వెళ్తుంది, టవరు నుంచి వచ్చే దారిలో 3.5 ఎంత అందితే అంత వాడుకోవచ్చు.

రెండోది, పడమటి సెక్టారు ముఖం ఏ దిక్కుకు ఉంది, స్థిరమైన బీమ్‌ల నమూనా ఏది పెట్టారు అని. పట్టణాల కోసం తయారైన నమూనాలో కొన్ని బీమ్‌లు మేడల కోసం పైకి చూస్తుంటాయి. మన దగ్గర అవి కాకులకు తప్ప ఎవరికీ వినబడవు. వాటన్నిటినీ ఒకే వరుసలో అడ్డంగా పరిచే నమూనాకు మార్చడం టవరు ఎక్కకుండా కార్యాలయంలో కూర్చొని చేసే పని. రాత్రి ఇరుకును అది తీర్చదు. దానికి కాలువకు ఆవలి ఒడ్డున, ఊరి పడమటి సగానికి ఎదురుగా మరొక టవరు రావాలి, వేసేటప్పుడు వరుస మీద కాకుండా పక్కకు వేయాలని పంచాయతీ తీర్మానంలోనే రాయించండి. స్థలం చూపించేది ఊరివాళ్లే కాబట్టి ఆ ఒక్క విషయంలో మీ మాట చెల్లే అవకాశం ఉంది.